స్టెరాయిడ్‌కు లొంగని అల్సరేటివ్ కోలైటిస్: సైక్లోస్పోరినా, ఇన్‌ఫ్లిక్సిమాబా, టోఫాసిటినిబా, ఆపరేషనా?

అల్సరేటివ్ కోలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. అది ముదిరి ఆస్పత్రిలో చేరి, ఐవీ (నరం ద్వారా ఎక్కించే) స్టెరాయిడ్ మొదలుపెట్టి మూడు రోజులైంది. మోషన్స్ తగ్గలేదు, రక్తం ఆగలేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "స్టెరాయిడ్ పని చేస్తున్నట్టు లేదు, వేరే మందుకు వెళ్లాలి, సాయంత్రానికి ఆలోచించి చెప్పండి" అని రెండు మూడు పేర్లు చెప్పి వెళ్తారు. చివర్లో ఆపరేషన్ అనే మాట కూడా వస్తుంది. ఇంట్లోవాళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోతారు, మందుల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

ఇది ఆ సాయంత్రం కోసం రాస్తున్నది. ఇంకా అంతదాకా రానివాళ్లు చదివితే మరీ మంచిది. ఎందుకంటే ఈ ఎంపికలో సగం మొదటిరోజు చేయించిన పరీక్షలతోనే తేలిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: "ఏ మందు పవర్‌ఫుల్" అన్న చర్చ మీద టైమ్ పోగొట్టుకోకండి. బాగా పరిశీలించిన రెండు మందులూ, అంటే సైక్లోస్పోరిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, దాదాపు సమానమని ట్రయల్సే తేల్చాయి. తేడా రోగిలో ఉంటుంది: ఇంతకుముందు ఏం వాడారు, టీబీ ఆనవాళ్లు ఉన్నాయా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఈ మందు పనిచేశాక ఏడాది పొడవునా ఏది వాడగలరు. చివరిదాన్ని చాలామంది అడగరు.

మూడో రోజు లెక్క

ఎవరిది "తీవ్రమైన" కోలైటిస్ అన్నదానికి 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు పెట్టిన కొలతనే ఇప్పటికీ వాడుతున్నారు. రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు, దానితోపాటు కింది వాటిలో కనీసం ఒకటి ఉండాలి: నాడి 90 దాటడం, సుమారు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తక్కువ, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 30 కంటే ఎక్కువ. ఇలాంటివాళ్లను ఆస్పత్రిలో చేర్చుకుని హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు గానీ, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 60 మి.గ్రా. గానీ నరం ద్వారా ఇస్తారు. డోసు ఇంతకు మించి పెంచినా అదనపు లాభం లేదు. సుమారు మూడో వంతు మందికి ఇది సరిపోదు.

సరిపోతోందా లేదా అన్నది మూడో రోజున తేల్చాలి. 1996లో ఆక్స్‌ఫర్డ్‌లోనే మరో లెక్క కట్టారు. మూడో రోజుకు కూడా 8కి మించి మోషన్స్ అవుతున్నా, లేదా 3 నుంచి 8 మోషన్స్‌తో పాటు సీఆర్‌పీ (వాపును చూపే మరో రక్తపరీక్ష) 45 దాటినా, ఆ అడ్మిషన్‌లోనే పెద్దపేగు తీసేయాల్సి వచ్చే అవకాశం 85 శాతం. అది రెస్క్యూ మందులు (స్టెరాయిడ్ ఫెయిలయ్యాక పేగును కాపాడటానికి ఇచ్చేవి) ఇంకా అలవాటు కాని కాలం నాటి అంకె. ఇప్పుడు అంత భయపెట్టదు గానీ, మూడో రోజు దాటి ఊరికే ఎదురుచూడొద్దని మాత్రం గట్టిగా చెబుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మన రోగుల మీదే చేసిన పరిశీలనలో ఎండోస్కోపీ స్కోరు, మూడో రోజు మలంలోని కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) కలిపి చూస్తే స్టెరాయిడ్ ఫెయిలయ్యేవాళ్లను ముందే పసిగట్టవచ్చని తేలింది.

మంచం పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. ప్రతి మోషన్‌కీ టైమ్, రక్తం ఉందా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వచ్చిందా, ఇంతే రాయండి. ఆపరేషన్ భయంతో "బాగానే తగ్గింది డాక్టర్ గారూ" అనే రోగులు చాలామంది. ఆ ఒక్క అబద్ధం రెండు రోజులు తినేస్తుంది, ఈ జబ్బులో రెండు రోజులంటే చాలా ఎక్కువ.

స్టెరాయిడ్ పనిచేయలేదని తేల్చేముందు ఇంకో విషయం రూఢి చేసుకోవాలి: అది నిజంగా కోలైటిస్ మొండితనమేనా? పెద్దపేగులో సైటోమెగాలో వైరస్ చేరినా, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ ఇన్ఫెక్షన్ వచ్చినా, మన దగ్గరైతే అమీబా ఉన్నా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అందుకే మల పరీక్ష, కడుపు శుభ్రం చేసే మందు లేకుండానే చేసే చిన్న సిగ్మాయిడోస్కోపీ (పెద్దపేగు చివరి భాగాన్ని గొట్టంతో చూడటం), బయాప్సీ ముందే అయిపోవాలి. నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్ ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఒకపక్క రక్తం పోతుంటే మరోపక్క రక్తం పలచబడే హెపారిన్ ఇంజెక్షన్ ఎందుకిస్తున్నారని అటెండెంట్లు గొడవపడటం మామూలే. అది కరెక్టే. ఈ దశలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ.

ఏవి చూసి ఎంచుకోవాలి

మొదటిది, ఇంతవరకు వాడిన మందుల చరిత్ర. అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించి జబ్బును అదుపులో ఉంచే మాత్ర) నెలల తరబడి సరైన డోసులో వాడుతుండగానే జబ్బు తిరగబెట్టిందా? అయితే సైక్లోస్పోరిన్ విలువ సగం పోతుంది, ఎందుకో కింద చెబుతాను.

రెండోది టీబీ. మన దేశంలో ఇది లాంఛనం కాదు. ఛాతీ ఎక్స్‌రే, వీలైతే సీటీ, దానితో పాటు దాగిన టీబీని పట్టే ఇగ్రా రక్తపరీక్ష లేదా మాంటూ చర్మపరీక్ష. స్టెరాయిడ్ ఎక్కాక ఇగ్రా ఫలితం ఎటూ తేలకుండా రావడం మామూలు కాబట్టి వీలైతే మొదటి డోసుకు ముందే రక్తం తీయించాలి. హెపటైటిస్ బీ కూడా అంతే. పైపై యాంటీజెన్ పరీక్ష ఒక్కటే కాకుండా, కోర్ యాంటీబాడీ కూడా అడగండి. లోపల నిద్రపోతున్న వైరస్ ఈ మందులతో లేస్తుంది. ముందే తెలిస్తే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రతో ఆపవచ్చు.

మూడోది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), బీపీ, కొలెస్టరాల్, మెగ్నీషియం. నాలుగోది వయసు, పొగతాగడం, గుండెజబ్బు, గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర. ఆడవాళ్లయితే గర్భం. ఐదోది మీరున్న ఆస్పత్రి: మందు లెవల్ పరీక్ష అక్కడే చేసి అదే రోజు రిపోర్ట్ ఇస్తారా, లేక శాంపిల్ బయటి ల్యాబ్‌కు పోతుందా? ఖర్చు చివర్లో రాస్తున్నానని చిన్నదనుకోకండి.

సైక్లోస్పోరిన్

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే మందే. 1994లో లిక్టైగర్ బృందం చేసిన చిన్న ట్రయల్‌లో స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లలో 11 మందికి ఇది ఇస్తే 9 మందికి తగ్గింది. ఉత్తి సెలైన్ ఎక్కిన 9 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. అప్పట్లో కిలో బరువుకు 4 మి.గ్రా. ఇచ్చారు. 2003లో 2 మి.గ్రా. కూడా అంతే పనిచేస్తుందని తేలాక ఇప్పుడు ఆ డోసే ఇస్తున్నారు. నాలుగైదు రోజుల్లో ఫలితం తెలుస్తుంది.

దీని గొప్ప లక్షణం, పనిచేయకపోతే ఒంట్లోంచి త్వరగా పోతుంది. ఆపరేషన్‌కు వెళ్లాల్సి వస్తే ఇది పెద్ద ప్లస్. మైనస్ ఏమిటంటే దీన్ని కనిపెట్టుకుని ఉండాలి. 24 గంటలూ డ్రిప్‌లో ఎక్కుతుంది, రక్తంలో లెవల్ 150 నుంచి 250 నానోగ్రాముల మధ్య ఉండాలి. ఆ శాంపిల్‌ను మందు ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు, రెండో చేతి నుంచే తీయాలి. లేకపోతే లెవల్ అబద్ధంగా ఎక్కువ చూపించి, సరైన డోసును తగ్గించేస్తారు. మాత్రలకు మారాక పొద్దున డోసు వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి. "టిఫిన్ చేసి, మాత్ర వేసుకుని ల్యాబ్‌కు వచ్చాం" అంటే ఆ రిపోర్ట్ పనికిరాదు. కొలెస్టరాల్ 120 కంటే తక్కువున్నా, మెగ్నీషియం పడిపోయినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇన్ని రోజులు సరిగ్గా తినక, విరేచనాలతో నీరసించినవాళ్లలో ఈ రెండూ తక్కువగానే ఉంటాయి. బీపీ పెరగడం, చేతులు వణకడం, కిడ్నీ మీద భారం, చిగుళ్లు ఉబ్బడం, ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువ కావడం కూడా ఉంటాయి. పంపర పనస తినకండి, మందు లెవల్ పెంచుతుంది.

ఇది వంతెన మాత్రమే. మూడు నుంచి ఆరు నెలల్లో ఆపేసి మరో మందుకు దాటాలి. సాధారణంగా అది అజాథయోప్రిన్. అది ముందే ఫెయిలైనవాళ్లకు, లేదా పడనివాళ్లకు, వంతెన దాటాక అడుగు పెట్టడానికి వెడోలిజుమాబ్ (పేగు మీదే పనిచేసే యాంటీబాడీ మందు) లాంటి ఖరీదైన మందే మిగులుతుంది. సైక్లోస్పోరిన్ చవక అనుకుని మొదలుపెట్టినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్

వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను పట్టి ఆపే యాంటీబాడీ. రెండు గంటల డ్రిప్. 2005లో స్వీడన్, డెన్మార్క్‌లలో 45 మంది మీద జరిగిన ట్రయల్‌లో ఒకే ఒక్క డోసు ఇచ్చినవాళ్లలో మూడు నెలల్లోపు పేగు తీసేయాల్సి వచ్చింది 24 మందిలో 7 మందికి. మందు లేని డ్రిప్ ఎక్కినవాళ్లలో 21 మందిలో 14 మందికి.

కిలోకు 5 మి.గ్రా. చొప్పున మొదట, రెండో వారం, ఆరో వారం ఇచ్చి, తర్వాత ప్రతి 8 వారాలకూ ఇస్తారు. రెస్క్యూ చేసిన మందునే అలా కొనసాగించవచ్చు, వేరే వంతెన అక్కర్లేదు. అజాథయోప్రిన్ ఫెయిలైనవాళ్లకు ఇదే సహజమైన దారి. రోజూ లెవల్ చూసే బాధ లేదు కాబట్టి చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో కూడా చేతికి అందుతుంది.

ఒక చిక్కు ఉంది. పేగు పూర్తిగా పుండై, ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్) బాగా పడిపోయినవాళ్లలో ఎక్కించిన మందు మలంలోంచే బయటికి పోతుంది. అందుకే కొందరు డాక్టర్లు కిలోకు 10 మి.గ్రా. ఇస్తారు, లేదా రెండో డోసును రెండు వారాలు ఆగకుండా ముందే ఇస్తారు. అయితే ఆస్ట్రేలియాలో చేసి 2024లో ప్రచురించిన ట్రయల్‌లో మొదటి డోసు 10 మి.గ్రా. ఇచ్చినా 5 మి.గ్రా. ఇచ్చినా ఏడో రోజు ఫలితంలో తేడా రాలేదు. కాబట్టి "రెట్టింపు డోసు ఇప్పించండి" అని మీరుగా పట్టుబట్టాల్సిన పనిలేదు.

టీబీ విషయంలో ఎక్కువ భయపడాల్సింది ఈ మందుతోనే. మామూలుగా అయితే దాగిన టీబీకి ఒక నెలపాటు మాత్రలు వాడాక ఇది మొదలుపెడతారు. మూడో రోజు పరిస్థితిలో అంత టైమ్ ఉండదు, రెండూ కలిపి నడపాల్సి వస్తుంది. టీబీ బయటపడి ఉంటే, లేదా గుండె బాగా బలహీనపడి ఉంటే ఇది వద్దు.

మరి రెండిట్లో ఏది? 2012లో ఫ్రెంచ్ బృందం నడిపిన సిసిఫ్ ట్రయల్‌లో 115 మందిని రెండుగా విడదీసి చూశారు. ఏడో రోజుకు రెండు మందులతోనూ సుమారు 85 శాతం మందికి తగ్గింది. మూడు నెలలు దాటాక లెక్క చూస్తే చికిత్స నిలబడనివాళ్లు సైక్లోస్పోరిన్‌లో 60 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో 54 శాతం. ఆ తేడా లెక్కలోకి వచ్చేంత కాదు. 2016లో బ్రిటన్‌లో 270 మందితో వచ్చిన కన్‌స్ట్రక్ట్ ట్రయల్ కూడా అదే మాట చెప్పింది, సైక్లోస్పోరిన్‌కు ఖర్చు తక్కువని కలిపి చెప్పింది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మనవాళ్లకు తెలిసే ఉంటుంది, ఏ చికిత్స ఎవరికివ్వాలో సూచించే అక్కడి నైస్ సంస్థ 2008లోనే ఈ పరిస్థితిలో సైక్లోస్పోరిన్ పనికిరానివాళ్లకే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అని సిఫారసు చేసింది.

టోఫాసిటినిబ్

ఇది మాత్ర. మన దేశంలో జెనరిక్ కంపెనీలు చాలానే చేస్తున్నాయి కాబట్టి ఇంజెక్షన్లతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. మన దేశపు ముఖ్యమైన ట్రయల్ కూడా దీని మీదే. లుధియానాలో 104 మంది రోగులకు ఐవీ స్టెరాయిడ్‌తో పాటు ఏడు రోజులు 10 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు ఇచ్చి చూసిన టాకోస్ ట్రయల్. ఏడో రోజుకు 83 శాతం మందికి తగ్గింది, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 59 శాతానికి.

ఆ అంకెను చూసి ఎగిరి గంతేసేముందు ఒక మాట. అక్కడ ఈ మందును స్టెరాయిడ్‌తో కలిపి మొదటినుంచే ఇచ్చారు. స్టెరాయిడ్ ఫెయిలయ్యాక ఇచ్చింది కాదు. మూడో రోజు మీ ప్రశ్న వేరు, దానికి దీనికున్న సాక్ష్యం పై రెండింటికి ఉన్నంత గట్టిది కాదు. అందుకని ఇది పనికిరాదని కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ముందే ఫెయిలైనవాళ్లకూ, కొనలేనివాళ్లకూ అనుభవమున్న డాక్టర్లు దీన్ని వాడుతున్నారు. ఒంట్లోంచి గంటల్లో పోతుంది, అది సైక్లోస్పోరిన్‌కున్న లాభం లాంటిదే.

ముప్పు రక్తం గడ్డకట్టడం. టాకోస్‌లోనే ఈ మందు తీసుకున్న ఒకరికి మెదడు సిరలో గడ్డ వచ్చింది. కీళ్లవాతం ఉన్న, 50 దాటి గుండెజబ్బు ముప్పున్నవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనం తర్వాత 2021లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక పెంచింది. సర్పి రావడం కూడా దీనితో ఎక్కువ. గర్భిణులకు ఇవ్వరు. టీబీకి రిఫాంపిసిన్ లేదా రిఫాపెంటిన్ ఉన్న మాత్రలు వాడితే ఈ మందు బలం పడిపోతుంది. సైక్లోస్పోరిన్‌కూ ఇదే గొడవ. టీబీ డాక్టరూ పేగు డాక్టరూ వేర్వేరు ఆస్పత్రుల్లో ఉంటే ఈ సంగతి ఇద్దరికీ చెప్పాల్సింది మీరే.

మిగతా పేర్లు

టాక్రోలిమస్ సైక్లోస్పోరిన్‌కు తమ్ముడు లాంటిది, జపాన్‌లో బాగా వాడతారు. లెవల్ చూడటం దీనికీ తప్పదు. అజాథయోప్రిన్ పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషిని అది కాపాడలేదు. వెడోలిజుమాబ్ కూడా నెమ్మదే.

ఆపరేషన్

దీన్ని అన్నింటికంటే చివర రాస్తే చివరి దిక్కు అనుకుంటారని భయం. సర్జన్ మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చి చూడాలి. పెద్దపేగు ఉబ్బి అడ్డపేగు వెడల్పు 5.5 సెం.మీ. దాటినా, చిల్లు పడినా, రక్తస్రావం ఆగకపోయినా మందుల చర్చ అక్కడితో బంద్. ఒక రెస్క్యూ మందు ఇచ్చాక ఐదు నుంచి ఏడు రోజుల్లో తగ్గకపోతే కూడా ఇదే దారి. ఒకటి ఫెయిలయ్యాక ఇంకొకటి ఎక్కించడం అనుభవమున్న పెద్ద సెంటర్లలో, ఎంచిన రోగులకే. లేకపోతే తీవ్రమైన ఇన్ఫెక్షన్లతో మనిషే దక్కని పరిస్థితి వస్తుంది. ఆపరేషన్‌లో పోయేవాళ్లలో చాలామంది ఆపరేషన్ వల్ల కాదు, ఆలస్యం వల్ల పోతారు.

సాధారణంగా మూడు దశల్లో చేస్తారు. ముందు పెద్దపేగు తీసి పొట్ట మీద స్టోమా (మలం బయటి సంచిలోకి వచ్చే ద్వారం) పెడతారు. కొన్ని నెలలకు ఒళ్లు కోలుకున్నాక చిన్నపేగుతోనే లోపల మలం నిలిచే సంచి కుడతారు. తర్వాత స్టోమా మూసేస్తారు. సంచి అమరాక రోజుకు నాలుగు నుంచి ఎనిమిది మోషన్స్ మామూలు. సంచిలో వాపు రావచ్చు. ఆడవాళ్లలో గర్భం దాల్చే అవకాశం కొంత తగ్గుతుంది కాబట్టి పెళ్లి కావాల్సిన అమ్మాయి అయితే ఆ విషయం ఆమెతోనే మాట్లాడాలి, ఆమె తల్లిదండ్రులతో మాత్రమే కాదు.

| చూడాల్సింది | సైక్లోస్పోరిన్ | ఇన్‌ఫ్లిక్సిమాబ్ | టోఫాసిటినిబ్ | ఆపరేషన్ |
|---|---|---|---|---|
| ఎలా ఇస్తారు | డ్రిప్, తర్వాత మాత్రలు | డ్రిప్ | మాత్రలు | మూడు దశలు |
| సాక్ష్యం | గట్టిది | గట్టిది | పెరుగుతోంది | ఎప్పటినుంచో ఉన్నదే |
| ఇదే కొనసాగించవచ్చా | లేదు, వంతెన | అవును | అవును | మందు అక్కర్లేదు |
| పెద్ద భయం | కిడ్నీ, ఫిట్స్ | టీబీ | రక్తపు గడ్డ, సర్పి | ఆలస్యమైతే ప్రాణం |
| ఒంట్లోంచి పోవడం | త్వరగా | వారాలు | త్వరగా | – |
| లెవల్ ల్యాబ్ | తప్పనిసరి | అత్యవసరం కాదు | అక్కర్లేదు | – |

ఎవరికి ఏది

అజాథయోప్రిన్ ముట్టని కుర్రాడు, కిడ్నీలు బాగున్నాయి, లెవల్ అదే రోజు చూసే ఆస్పత్రి: సైక్లోస్పోరిన్ మంచి బేరం. అజాథయోప్రిన్ వాడుతూ ఈ స్థితికి వచ్చినవాళ్లు, షుగరూ బీపీలతో క్రియాటినిన్ అంచున ఉన్నవాళ్లు: ఇన్‌ఫ్లిక్సిమాబ్. గర్భిణికీ ఎక్కువమంది డాక్టర్లు మొగ్గేది దీనివైపే. పాత టీబీ మచ్చ, ఇగ్రా పాజిటివ్ ఉన్నవాళ్లకు నేనైతే సైక్లోస్పోరిన్ గురించి ముందు అడుగుతాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇదివరకే ఫెయిలైన పాతికేళ్లవాడికి టోఫాసిటినిబ్ న్యాయమైన ప్రయత్నం. 65 ఏళ్లు, సిగరెట్లు, స్టెంట్ ఉన్న మనిషికి కాదు. అలాంటి పెద్దాయనకు రెండో మందు దాకా లాగకుండా త్వరగా ఆపరేషన్‌కు వెళ్లడమే చాలాసార్లు సురక్షితం.

ఇక డబ్బు. 60 కిలోల మనిషికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక డోసుకు 300 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. వయల్స్ మూడు. మొదటి ఏడాదిలో ఎనిమిది డోసులు, 24 వయల్స్. ఫార్మసీలో ఒక్క వయల్ రేటు కాదు, 24 రేటు అడగండి. బయోసిమిలర్ (అదే మందుకు వేరే కంపెనీ చేసిన సమానమైన రూపం) ఉందా అని కూడా అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే, 2019 ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల్లోని ఆధునిక చికిత్సల జాబితాలో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు (ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఈ రకమే) ఉన్నాయి. కానీ పాలసీలో దానికి విడిగా పరిమితి పెట్టి ఉండవచ్చు, ఆ పేజీ చూడండి. అప్పు చేసి రెండు డోసులు వేయించి మూడోది మానేయడం అన్నింటికంటే చెడ్డ ఎంపిక. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందుకు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, రియాక్షన్ కూడా రావచ్చు.

మంచం పట్టేంత కాకపోతే

ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా. రెండు మూడు వారాలు మింగినా తగ్గక, నడుస్తూ తిరుగుతూ ఉన్నవాళ్ల సంగతి వేరు. వీళ్లకు టైమ్ ఉంది, అదే పెద్ద వరం. టీబీ మాత్రలు ముందుగా వాడుకోవచ్చు, సర్పికి ప్రాణం లేని టీకా వేయించుకోవచ్చు. వెడోలిజుమాబ్ ఇక్కడ గట్టి పోటీ. అది పేగుకే పరిమితమై పనిచేస్తుంది కాబట్టి వయసు మీద పడ్డవాళ్లకు, టీబీ భయం ఉన్నవాళ్లకు నప్పుతుంది. 2019 నాటి వర్సిటీ ట్రయల్‌లో ఏడాదికి జబ్బు అదుపులో ఉన్నవాళ్లు వెడోలిజుమాబ్‌తో 31 శాతం, అడలిముమాబ్‌తో (ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి టీఎన్‌ఎఫ్ మందు) 22.5 శాతం. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అజాథయోప్రిన్ కలిపితే స్టెరాయిడ్ లేకుండా అదుపులోకి వచ్చినవాళ్లు సుమారు 40 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే అయితే 22 శాతం అని 2014లో తేలింది. కాకపోతే కుర్రాళ్లలో ఆ జోడీతో అరుదైన లింఫోమా (ఒక రకం క్యాన్సర్) ముప్పు ఉంది కాబట్టి ఎన్నాళ్లు కలిపి వాడాలో ముందే మాట్లాడుకోవాలి.

అజాథయోప్రిన్ మొదలుపెట్టే ఎవరైనా ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి అడగండి. పాశ్చాత్యుల్లో అరుదైన ఈ తేడా మనవాళ్లలో పది మందిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. ఉన్నవాళ్లకు మామూలు డోసుకే తెల్లకణాలు కుప్పకూలుతాయి. మాత్ర మొదలెట్టిన కొన్ని వారాలకే జుట్టు కుచ్చులుగా ఊడిపోతుంటే అది షాంపూ సమస్య కాదు, ఆ రోజే మాత్ర ఆపి సీబీసీ చేయించి డాక్టరుకు ఫోన్ చేయండి. యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

డిశ్చార్జ్ కాగితంలో నాలుగు విషయాలు ఉన్నాయేమో అక్కడే చూసుకోండి: స్టెరాయిడ్ వారం వారం ఎంత తగ్గించాలి, తర్వాతి డోసు లేదా లెవల్ పరీక్ష తేదీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మూడు మందులు కలిసి నడుస్తుంటే న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ రాశారా, రాత్రిపూట జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. చివరి దానికి రిసెప్షన్ నంబర్ రాసిస్తే ఒప్పుకోవద్దు, డ్యూటీ డాక్టర్ నంబర్ అడగండి.